రోజుకి అరగంటే ఉంటే ఇల్లూ, ఇన్‌బాక్సూ ఎక్కడి నుంచి సర్దాలి?

నమస్తే అండి. మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది: హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూంల ఫ్లాటు, ఇద్దరివీ ఉద్యోగాలు, ఇంట్లో అత్తగారు, స్కూలుకి వెళ్లే పిల్లలు. అటక మీద చేయి పెట్టే చోటు లేదు. బీరువా తెరిస్తే బట్టలు మీద పడుతున్నాయి. జీమెయిల్‌లో చదవనివి వేలల్లో ఉన్నాయి, పైగా స్టోరేజ్ నిండిపోయిందని రోజూ మెసేజ్ వస్తోంది. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి హాలంతా సామాను పరుస్తున్నారు, సాయంత్రానికి ఓపిక అయిపోయి అన్నీ మళ్లీ పైకి ఎక్కించేస్తున్నారు. రోజుకి అరగంట మించి వీలవదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ పుస్తకం ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చడం ఆ ఉద్యోగంలో పెద్ద పని. ఇప్పుడు బంధువులకీ, తెలిసినవాళ్లకీ ఇళ్లు, కాగితాలు, మెయిళ్లు సర్దుకోవడంలో సాయపడుతున్నాను. కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు అసలు సంగతి. ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, ఇది ఉంచుదామా వద్దా అని విడిగా ఆలోచిస్తూ కూర్చుంటే ఈ పని ఎప్పటికీ తెమలదు. మీ ఆదివారాలు అలాగే పోతున్నాయి. వంద వస్తువులుంటే వంద సార్లు ఆలోచించాలి, ముప్ఫయ్యోదానికే మనిషి అలిసిపోతాడు. ఆ తర్వాత అన్నిటికీ ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అన్న జవాబే వస్తుంది. దీనికి బదులు, ఒక్కో రకానికి ఒక నిర్ణయం ముందే చేసుకోండి, వీలైతే కాగితం మీద రాసుకోండి. కరెంటు బిల్లు ఎన్నాళ్లు ఉంచాలి, కర్రీ పాయింట్ డబ్బాలు ఎన్ని ఉండాలి, ఆర్డర్ డెలివరీ అయిందని వచ్చే మెయిల్‌ని ఏం చేయాలి, ఇవన్నీ ఒక్కసారి తేల్చుకుంటే చాలు. తర్వాత మీరు చేసేది ఆలోచించడం ఉండదు, ఏరడమే. ఒళ్లు నొప్పిగా ఉన్న రోజు కూడా ఏరగలం.

మొదటి వారం రోజులు దేన్నీ పారేయకండి. లోపలికి ఏం వస్తోందో మాత్రం చూడండి. గ్రంథాలయాల గురించి, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అని. పెరిగే జీవి కొత్తదాన్ని తీసుకుంటుంది, పాతదాన్ని వదులుతుంది. మన ఇళ్లు తీసుకోవడం బాగానే చేస్తాయి, వదలడం దగ్గర ఆగిపోతాయి. అందుకని వచ్చే దారిని కాస్త ఇరుకు చేయకుండా సర్దడం మొదలుపెడితే, మీరు ఒక అర ఖాళీ చేసేలోపు ఇంకో అర నిండుతుంది. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు, హోటల్ నుంచి తెప్పించుకున్న కూరల ప్లాస్టిక్ డబ్బాలు, సర్ఫ్‌తో ఫ్రీగా వచ్చిన బకెట్టు, పెళ్లికి వెళ్తే ఇచ్చిన స్టీలు గిన్నె, పేరంటానికి వెళ్తే ఇచ్చిన జాకెట్ ముక్క. గుమ్మం దగ్గర నిలబడి వారం పాటు గమనిస్తే మీ ఇంటికి ఏ దారిన ఎక్కువ వస్తోందో తెలిసిపోతుంది. అట్టపెట్టెల విషయంలో మా ఇంట్లో పద్ధతి సులువు: వాపసు ఇచ్చే గడువు దాటగానే విప్పి, మడిచి, పాత పేపర్ల కట్టలో పెట్టేస్తాం. టీవీ పెట్టె ఒక్కటీ, ఇల్లు మారతామన్న ఆలోచన ఉంటే ఉంచుకోవచ్చు.

మెయిల్‌కీ ఇదే లెక్క. పాత వేల మెయిళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇవాళ వచ్చినవాటిలో మీకు అక్కర్లేని షాపులు, యాప్‌లు ఏవో చూసి, పంపినవాళ్ల పేరు పక్కన కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. రోజుకి నాలుగైదు చాలు. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపే కంపెనీలు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇచ్చి తీరాలని జీమెయిల్ 2024 నుంచి నిబంధన పెట్టింది కాబట్టి ఈ పని మునుపటికంటే తేలికైంది. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. మీకు అసలు పరిచయం లేని చోటి నుంచి, లాటరీ అనో లోన్ అనో వచ్చిన మెయిల్ లోపల ఉండే లింకు నొక్కకండి. దాన్ని స్పామ్ అని గుర్తు పెట్టి వదిలేయండి. ఫోన్‌కి వచ్చే ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల గోల కూడా ఉంటే 1909కి ఫోన్ చేసి వాటిని ఆపమని నమోదు చేసుకోవచ్చు.

రెండో వారం నుంచి అరగంట పని మొదలుపెట్టండి. అందులో ఇరవై నిమిషాలు ఏరడానికి, పది నిమిషాలు ఏరినవాటిని వాటి చోటికి చేర్చడానికి. ఆ పది నిమిషాలు మిగలకపోవడం వల్లే ఆదివారం సామాను హాల్లో ఉండిపోతోంది. ఒక రోజుకి ఒక సొరుగు, లేదా ఒక అర, లేదా ఒక సంచి. అంతకంటే పెద్ద చోటు ముట్టుకోవద్దు. మూడు సంచులు పెట్టుకోండి, ఉండేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. ఎటూ తేలనివాటికి ఒక అట్టపెట్టె పెట్టి, దాని మీద ఆ రోజు తేదీ రాసి టేపు వేసేయండి. లైబ్రరీలో కూడా అనుమానం ఉన్న పుస్తకాన్ని వెంటనే రద్దు చేయం, లోపలి గదిలోకి మారుస్తాం. ఎవరైనా అడిగితే తిరిగి తెస్తాం, ఏళ్లు గడిచినా అడగకపోతే తీసేస్తాం. మీ పెట్టె ఏడాది తర్వాత కూడా టేపు ఊడకుండా ఉంటే అందులోది మీకు అక్కర్లేదన్నట్టే. ఇచ్చేవాటి సంచి మాత్రం ఇంట్లో వారం మించి ఉండకూడదు. స్కూటీకి తగిలించండి, కారు డిక్కీలో పెట్టండి, ఎలాగైనా గడప దాటించండి.

మొదటి సొరుగుగా వైర్లు, చార్జర్లు ఉండేదాన్ని ఎంచుకోమంటాను. సెంటిమెంటు లేదు, ఎవరితో గొడవా రాదు. ఏ ఫోన్‌దో తెలియని చార్జర్లు తీసేయండి. పాత ఫోన్లలో బ్యాటరీ ఉబ్బినది ఏదైనా కనిపిస్తే దాన్ని చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో అప్పగించండి. పనిచేసే పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందు అందులోంచి మీ గూగుల్ అకౌంట్ తీసేసి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ తీయకుండా రీసెట్ చేసిస్తే, తీసుకున్నవాళ్లకి ఆ ఫోన్ మీ పాస్‌వర్డ్ అడుగుతూ తెరుచుకోకపోవచ్చు. ఆ పక్క రోజు మందుల డబ్బా. తేదీ దాటినవి ఏరండి. కంటి చుక్కల సీసా మూత తీసి నెల దాటితే తేదీతో పనిలేకుండా పారేయండి. మాత్రలు అట్టలోంచి తీసి, తడి మట్టిలో కలిపి, కవర్లో కట్టి చెత్తలో వేస్తే ఎవరూ ఏరుకుని వాడే ప్రమాదం ఉండదు.

ఇప్పుడు కాగితాల సంగతి. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే నష్టం ఉంది, వాయిదా వేసినా నష్టం ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయినప్పుడు, కింది అరల్లో పెట్టుకున్న సర్టిఫికెట్లు, దస్తావేజులు తడిసి ముద్దయిపోయినవాళ్లు చాలామంది. అలాంటప్పుడు కాగితాలన్నీ ఒకే చోట ఉంటే ఒక్క సంచి చంకన పెట్టుకుని మేడెక్కొచ్చు. నాలుగు చోట్ల ఉంటే ఏది ఎక్కడుందో గుర్తు చేసుకునేలోపే ఆలస్యమైపోతుంది. అందుకని ముందుగా జిప్పు ఉన్న ఒక నీళ్లు తగలని సంచి కొనండి. ఎప్పటికీ ఉండాల్సినవి మాత్రమే దాన్లోకి వెళ్లాలి: ఇల్లు, పొలం, స్థలం దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాస్‌బుక్కు, అందరి టెన్త్ మెమోలు, డిగ్రీ సర్టిఫికెట్లు, జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు, పాస్‌పోర్టులు, బీమా బాండ్లు, అత్తగారి పెన్షన్ కాగితాలు. ఇవి బీరువా పై అరలో ఉండాలి. ఎక్కడున్నాయో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

వీటిలో వేటినీ లామినేషన్ చేయించకండి. పిల్లలు రేపు విదేశాలకి వెళ్లాలంటే సర్టిఫికెట్ వెనకవైపు అటెస్టేషన్ ముద్రలు, స్టిక్కర్ వేయాల్సి వస్తుంది, ప్లాస్టిక్ మీద అది కుదరదు. ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో ఉన్న డ్రైవింగ్ లైసెన్స్, ఆర్సీ లాంటివి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతాయి కాబట్టి వాటి జిరాక్సులు కట్టలు కట్టి దాచుకునే అవసరం లేదు. రిజిస్టర్ అయిన దస్తావేజుకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. ఒరిజినల్ పోతే పడే తిప్పలతో పోలిస్తే, ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోవడం చాలా చిన్న పని.

పాత కాగితాలు తీసేటప్పుడు ఇంటి లోన్ ఫైలు కనిపిస్తే ఆగండి. అప్పు తీరిపోయిందా? తీరితే బ్యాంకు నుంచి ఒరిజినల్ దస్తావేజులు వెనక్కి వచ్చాయా? అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు దస్తావేజులు తిరిగివ్వాలని, తమ వైపు నుంచి ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ 2023లో బ్యాంకులకి ఆదేశం ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అది అమల్లో ఉంది. అలాగే మామగారి కాలం నాటి బ్యాంకు పాస్‌బుక్కులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, షేర్ సర్టిఫికెట్లు దొరికితే పాతవి కదా అని పేపర్ల కట్టలో వేయొద్దు. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్లు రిజర్వ్ బ్యాంక్ దగ్గరున్న నిధికి వెళ్తాయి, కానీ వారసులు అడిగి తెచ్చుకోవచ్చు. ఏ బ్యాంకులో ఏముందో వెతకడానికి రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే వెబ్‌సైట్ పెట్టింది, చాలా బ్యాంకుల వివరాలు అందులో ఒకేచోట దొరుకుతాయి. నేను సర్దిన ఇళ్లలో మర్చిపోయిన పాస్‌బుక్కు దొరకడం అరుదేమీ కాదు. అటక సర్దుతున్నప్పుడు అమ్మకి నాన్న పేరున్న పాస్‌బుక్కు ఇస్తే ఆవిడ ముఖంలో కనిపించేది డబ్బుకి సంబంధించింది ఒక్కటే కాదు.

కొంతకాలం ఉంచి తీసేసేవి రెండో రకం. జీతం, పన్ను కోత వివరాలతో ఆఫీసు ఇచ్చే ఫారం 16, ఇన్‌కంటాక్స్ రిటర్నుల కాగితాలు, వాటికి సంబంధించిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎనిమిదేళ్లు ఉంచండి, మామూలు జీతగాళ్లకి అది సరిపోతుంది. వ్యాపారం ఉంటే, ఏదైనా నోటీసు నడుస్తుంటే మీ ఆడిటర్‌ని అడిగి చేయండి. ఇల్లు కొన్న, కట్టిన, బాగుచేయించిన ఖర్చుల బిల్లులు ఇల్లు అమ్మేదాకా, అమ్మాక పన్ను లెక్క తేలేదాకా ఉండాలి, లాభం ఎంతో లెక్కేసేటప్పుడు అవే ఆధారం. బంగారం బిల్లులు కూడా అంతే. ఆపరేషన్ల డిశ్చార్జ్ కాగితాలు ఎప్పటికీ ఉంచండి, మామూలు రక్తపరీక్షలవి ఏడాదికి ఒకటి ఉంచితే చాలు. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ బిల్లులు ఏ గొడవా లేకపోతే ఏడాది దాటాక అక్కర్లేదు. ఇంటి పన్ను రసీదులు మాత్రం ఉంచండి.

ఫ్రిజ్, మిక్సీ, ఏసీ బిల్లులు చూడండి. చాలా షాపుల్లో ఇచ్చేది వేడితో అక్షరాలు వచ్చే నున్నటి కాగితం, కొన్నాళ్లకి అది తెల్లగా అయిపోతుంది. వారంటీ అడిగే రోజుకి మీ చేతిలో ఖాళీ కాగితం ఉంటుంది. ఇవాళే ఫోటో తీసి, వస్తువు పేరు రాసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.

ఇక పారేసే కాగితాల్లో ఆధార్, పాన్ జిరాక్సులు, సంతకం ఉన్న చెక్కులు, బ్యాంకు అకౌంట్ నంబర్లు ఉంటే చింపి, నీళ్ల బకెట్‌లో నానబెట్టి ముద్ద చేసి పారేయండి. పాత పేపర్లు కొనే అతనికి యథాతథంగా ఇస్తే అవి ఏ కొట్లో ఎవరి చేతిలోకి వెళ్తాయో మనకి తెలియదు. ఇకమీదట ఎవరైనా ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

కాగితాలకి ఒక నెల పడుతుంది. పడనివ్వండి. మధ్యలో విసుగొచ్చిన రోజున మెయిల్ పని చేయండి, కూర్చున్నచోటే అయిపోతుంది.

మెయిల్‌లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి, వాటిని కలిపి చూడకండి. చోటు నిండిపోవడం ఒకటి, చదవనివి వేలల్లో ఉండటం ఇంకొకటి. చోటు తినేది కొద్దిపాటి పెద్ద మెయిళ్లు. వేలల్లో ఉండేవి చిన్న మెయిళ్లు, వాటికి పట్టే చోటు తక్కువ.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కే కాదు, డ్రైవ్‌కీ, ఫోటోలకీ కలిపి. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కే ఫోటోలన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోకే చేరింది. అందుకే మీరు మెయిళ్లు ఎన్ని తీసేసినా మెసేజ్ పోవడం లేదు. ముందు గూగుల్ అకౌంట్‌లో స్టోరేజ్ పేజీ తెరిచి దేనికి ఎంత పోతోందో చూడండి. నాకు ఎదురైన చాలా ఇళ్లలో వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన వీడియోలే ఎక్కువ తింటున్నాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, దాన్లో చాట్ బ్యాకప్ తెరిచి, వీడియోలు కలపాలన్న చోట ఆపేయండి. స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్తే ఏ గ్రూపు ఎంత తింటోందో వరుసగా చూపిస్తుంది, అక్కడి నుంచే తీసేయొచ్చు. పిల్లల వీడియోలు ఏవైనా ఆ గ్రూపుల్లో ఉంటే తీసేముందు విడిగా దాచుకోండి. ఫోటోల యాప్‌లో తీసేస్తే ఫోన్‌లోంచీ పోతుందన్న సంగతి మర్చిపోకండి, చాలామంది అది రెండు వేర్వేరు చోట్లని అనుకుంటారు.

తర్వాత కంప్యూటర్లో జీమెయిల్ తెరవండి. ఫోన్‌లో ఈ పని విసుగు. పైన వెతికే పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాల్లో లార్జర్ అని కొట్టి, వెంటనే కోలన్, దాని పక్కనే 10ఎం అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి (larger:10M). పది ఎంబీ దాటినవన్నీ వస్తాయి. ఆఫీసు ప్రజెంటేషన్లు, ఎవరో పంపిన పెళ్లి ఫోటోలు, పాత స్కాన్లు. కావాల్సినవి కంప్యూటర్లో దించుకుని మెయిల్ తీసేయండి. అయ్యాక 10 బదులు 5 పెట్టి చూడండి. తీసేసినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి, అప్పటిదాకా చోటు పడుతూనే ఉంటుంది. నమ్మకం ఉంటే వెంటనే ట్రాష్ ఖాళీ చేయండి, లేకపోతే నెల ఆగండి.

చిన్న మెయిళ్లని గుంపుగా తీసేముందు పోకూడనివాటికి స్టార్ పెట్టండి. బీమా పాలసీలు, ఫారం 16, రిటర్ను అందినట్టు వచ్చిన రసీదులు, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం, ఆఫర్ లెటర్లు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు. ఒక్కో మాటా వెతికి, వచ్చినవాటికి స్టార్ కొట్టుకుంటూ పోండి. ఇదొక్కటే మెయిల్ పనిలో నిజంగా శ్రద్ధ పెట్టాల్సింది, రెండు మూడు రోజులు పట్టినా తొందరపడొద్దు. బీమా కంపెనీల పాలసీ కాగితాలు ఒక్కోసారి ప్రకటనల ట్యాబ్‌లో పడి ఉంటాయి.

ఇప్పుడు కేటగిరీ, కోలన్, ప్రమోషన్స్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి ఓల్డర్, అండర్‌స్కోర్, దేన్, కోలన్, 6ఎం అని కొట్టండి. మరో ఖాళీ వదిలి, ముందు మైనస్ గుర్తు పెట్టి ఈజ్, కోలన్, స్టార్డ్ అని కొట్టండి. మొత్తం ఇలా ఉండాలి: category:promotions older_than:6m -is:starred. ఆరు నెలలు దాటిన ప్రకటనలు, మీరు స్టార్ పెట్టినవి తప్ప, అన్నీ వస్తాయి. పైన గడిలో టిక్కు పెడితే ఆ పేజీలో ఉన్న యాభయ్యే ఎంపికవుతాయి. మెయిళ్ల జాబితాకి సరిగ్గా పైన ఉండే సన్నటి గీతలో, ఈ వెతుకులాటకి సరిపోయినవన్నీ ఎంచుకో అన్న మాట ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. అది నొక్కి డిలీట్ కొట్టండి. వేల మెయిళ్లు ఒక నిమిషంలో పోతాయి. మిగిలినవాటిలో ఏడాది దాటినవన్నీ ఆర్కైవ్ చేసేయండి. ఆర్కైవ్ అంటే పోవు, ఇన్‌బాక్స్‌లోంచి పక్కకి వెళ్తాయి, వెతికితే వస్తాయి. చదవనివి ఎన్ని అన్న అంకె చూసి దిగులు పడటం మానేయండి. వాటిలో మీ జవాబు కోసం ఎదురుచూసేవి ఉంటే వాళ్లు ఈపాటికి ఫోన్ చేసే ఉంటారు.

ఇంకో సంగతి. అత్తగారి పేరు మీదో, ఊళ్లో నాన్నగారి పేరు మీదో ఎవరో తెరిచిచ్చిన జీమెయిల్ ఉంటే, దాన్ని ఏడాదికోసారైనా లాగిన్ చేయండి. రెండేళ్లు ఎవరూ తెరవని అకౌంట్లని తొలగించే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి పెట్టింది. పాత ఫోటోలు, బ్యాంకుకి ఇచ్చిన మెయిల్ అందులోనే ఉండొచ్చు.

వంటిల్లు, బట్టల గురించి ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు ముందు పోవాలి. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, ఇంట్లోకి ఇంకో బేసిన్ వస్తుంది. పట్టుచీరలు తీసినప్పుడల్లా మడత మార్చి పెట్టండి, ఒకే మడతలో ఏళ్లపాటు ఉంటే జరీ దగ్గర చిరుగుతాయి.

కష్టమైనది ఇంటి పెద్దల సామాను, ముచ్చట్లతో ముడిపడ్డ సామాను. మీ అత్తగారి వస్తువు దేన్నీ ఆవిడ లేనప్పుడు తీయకండి. ఇత్తడి బిందె అయినా, చిల్లుపడ్డ జల్లెడ అయినా సరే. ఒక్కసారి అలా జరిగితే ఆ తర్వాత ఆవిడ ప్రతి కవరునీ కాపలా కాస్తారు, తప్పు ఆవిడది కాదు. ఆవిడ పక్కన కూర్చుని, ‘దీన్ని పారేద్దామా’ అని కాకుండా ‘అత్తయ్యా, ఇది ఎవరికి ఇస్తే బావుంటుంది’ అని అడగండి. గంగాళం ఊళ్లో గుడికో, మేనకోడలి కొత్తింటికో వెళ్తుందంటే ఆవిడే పేర్లు చెబుతారు. ఎవరిచ్చారో, ఎప్పుడు కొన్నారో చెప్పనివ్వండి, ఆ అరగంట అంతా దానికే పోయినా నష్టం లేదు. ఫోన్‌లో ఆ మాటలు రికార్డు చేసి పెట్టుకుంటే పిల్లలకి మిగులుతాయి. రాగి చెంబులు, ఇత్తడి పాత్రల్లో ఒకటి రెండు కిందికి దించి రోజూ వాడండి. మిగతావి ఇచ్చేయడానికి ఆవిడ మనసు దానంతటదే తేలికపడుతుంది.

జాకెట్ ముక్కలకి ఒక డబ్బా అని పెట్టుకోండి. ఆ డబ్బా నిండితే, కొత్తది వచ్చినప్పుడు పాతది బయటికి వెళ్లాలి. రంగు పోయినవి, కొలత చాలనివి మళ్లీ ఇంకొకరి చేతిలో పెట్టకండి. బొంతలు కుట్టేవాళ్లకి, టైలర్ దగ్గర నేర్చుకునే అమ్మాయిలకి ఇవ్వండి, వాళ్లకి నిజంగా పనికొస్తాయి.

దేవుడి బొమ్మలున్న పెళ్లి కార్డులు, పాత క్యాలెండర్లు, పటాలు చాలా ఇళ్లలో పేరుకుపోయేది చెత్తలో వేయడానికి మనసొప్పక. రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తే అవి వానకి తడిసి, కాళ్ల కింద పడతాయి, అది మరీ బాధ. చెరువులో వేసే పటాల్లో అద్దం, మేకులు ఉంటాయి. మా ఇంట్లో చేసేది ఇది: పటం విప్పి చెక్క, అద్దం విడిగా తీసేస్తాం. మామూలు కాగితమైతే శుభ్రమైన నీళ్లలో పసుపు వేసి, కరిగేదాకా నానబెట్టి, ఆ ముద్దని తులసికి దూరంగా ఏదైనా పెద్ద పూలకుండీ మట్టిలో కలిపేస్తాం. ప్లాస్టిక్ పూత ఉన్నవి కరగవు, అలాంటివి దగ్గర్లో గుడి వాళ్లు తీసుకుంటారేమో అడగండి. మీ ఇంటి పద్ధతి వేరైతే అత్తగారు చెప్పినట్టే చేయండి.

అటక చివర. కాగితాలు, సొరుగులు, వంటిల్లు అయ్యాక ఇంట్లో కాస్త ఖాళీ ఏర్పడుతుంది, దించినవి పెట్టడానికి చోటుంటుంది. సంక్రాంతికి ఎలాగూ ఇల్లు దులుపుతారు కాబట్టి భోగికి ముందు వారాలు అటకకి కేటాయించండి. ఒక రోజుకి ఒక్క మూట దించాలి, దాని సంగతి తేలేదాకా రెండోది ముట్టుకోకూడదు. నిచ్చెన పట్టుకోవడానికి కింద ఇంకొకరు ఉండాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పిల్లలకి దగ్గు, ఆయాసం ఉంటే ఆ సమయానికి గది తలుపు వేసి ఉంచండి. భోగి మంటలో పిడకలు, కర్రలు, విరిగిన చెక్కసామాను వేయండి. ప్లాస్టిక్ కుర్చీ, టైరు, రెక్సిన్ సోఫా ముక్కలు వేయకండి, ఆ పొగ వీధిలో పసిపిల్లలు పీలుస్తారు. అలాంటి పెద్ద సామాను మీ అపార్ట్‌మెంట్ చెత్త బండి వాళ్లకి ముందుగా చెబితే ఎలా తీసుకెళ్లాలో వాళ్లే చెబుతారు.

కిందికి దించినవాటిలో మళ్లీ పైకి వెళ్లాల్సినవి ఉంటే, ప్రతి మూట మీదా అందులో ఏముందో పెద్ద అక్షరాలతో రాసి పంపండి. లోపలేముందో తెలియని మూట మాత్రం పైకి వెళ్లనివ్వకండి.